ఆదివారం ఇరుక్కున్న గిన్నె

ఆలూరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, హెల్మెట్టును బండి మీద కాకుండా ఇంట్లో పెట్టుకునే మగవాడు ఒకడున్నాడు. పేరు శామ్. మోపెడ్ మీద ఊరూరూ తిరిగి ఉల్లిగడ్డలు అమ్ముతాడు. దారిలో పోలీసులు ఆపి హెల్మెట్టు ఏదని అడిగితే "ఇంట్లో ఉండాది సార్" అంటాడు. అది అక్షరాలా నిజం. భార్య వరమ్మ వాకిట్లో కొయ్యమిషన్ దగ్గర కూర్చుని కాలు ఆడించడం మొదలుపెట్టగానే ఆయన గోడ మేకుకు తగిలించిన హెల్మెట్టు తీసి, నెత్తిన పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుంటాడు. ఆ తర్వాతే టీ గ్లాసు అందుకుంటాడు.

ఇదంతా చూసి శామ్‌ను పిరికివాడు అనేయడం తేలికే. వరమ్మ మిషన్ మీద నుంచి కొయ్యముక్క ఎగిరి వస్తుంటే ఒక్కసారి ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

వరమ్మకు యాభై నాలుగేళ్ళు. అందులో పన్నెండేళ్ళు ఆలూరులో దూలాలు కోసే ఒక సామిల్లులో కసువు ఊడ్చింది. ఆ సామిల్లులో ఒక మూల కరెంటు లేత్ మిషన్ ఉండేది. దాని మీద ఒక మిస్త్రీ మంచం కోళ్ళు, ఉయ్యాల కర్రలు గుండ్రంగా తీసేవాడు. ఆయన తీస్తుంటే పొట్టు కింద పడేది, పడిన పొట్టును వరమ్మ ఊడ్చేది. ఊడ్చే పని చేతులకే గాని కళ్ళకు ఏం పని? కళ్ళు మిస్త్రీ ఉలి మీదే ఉండేవి. కొన్నాళ్ళకు, కింద పడిన పొట్టు చూసి ఉలి పదునుగా ఉందో లేదో, మిస్త్రీ మనసు పని మీద ఉందో ఇంటి మీద ఉందో చెప్పేసే స్థితికి వచ్చింది. ఒకరోజు ధైర్యం చేసి, "అన్నా, ఒక్కసారి నేనూ ఉలి పడతా" అని అడిగింది. మిస్త్రీ పళ్ళికిలించి, "నీ చేతిలో పరక ఉండాది గదమ్మా, అది జారకుండా పట్టుకో చాలు" అన్నాడు. ఆ రోజు వరమ్మ మళ్ళీ పరక పట్టుకుంది. అన్నం మాత్రం తినలేదు.

సామిల్లు మూతపడ్డాక ఆమె ఇంటికి వచ్చి మూడు నెలల్లో సొంతంగా మిషన్ కట్టుకుంది. పాడుబడిన గడ్డికోత మిషన్ చక్రం ఒకటి, కాలిపోయిన నీళ్ళ మోటారులోంచి తీసిన ఇరుసు ఒకటి, రెండు పాత దూలాలు, కాలు ఆడించడానికి ఒక పలక, పలక నుంచి చక్రానికి ఒక ఇనుప కడ్డీ, చక్రం నుంచి ఇరుసుకు ఒక పట్టా. పలకను తొక్కితే చక్రం, చక్రం తిరిగితే పట్టా, పట్టా లాగితే ఇరుసు, ఇరుసుతోపాటు కొయ్య. ఆమె ఒంట్లో మిగతా కీళ్ళన్నీ నొప్పులే గాని కుడికాలు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లది.

"ఒక మోటారు పెట్టుకోరాదా?" అని అడిగినవాళ్ళకు ఆమె జవాబు ఒక్కటే: "కరెంటుదయితే తప్పు చేసినా తిరుగుతానే ఉంటాది. ఇది నేను బెదిరితే నిలబడతాది."

అలా చపాతీ కర్రలు, కవ్వాలు, సంగటి కెలికే తెడ్లకు పిడులు చేసి సంతలో అమ్మేది. బాగా చేసేది కూడా. వీటన్నిటికీ ఒక సుఖం ఉంది. చపాతీ కర్రకు రెండు కొసలుంటాయి. ఆ కొసన ఒక ఇనుపమొన, ఈ కొసన ఒక ఇనుపమొన గుచ్చి మధ్యలో కర్రను బిగిస్తే అది ఎక్కడికీ పోదు. గిన్నె అలా కాదు. గిన్నెను లోపల తొలవాలి. తొలవాలంటే నోటివైపు ఏ అడ్డూ ఉండకూడదు. అంటే కొయ్యను వెనకనుంచి మాత్రమే పట్టుకోవాలి. ఒక మనిషిని వీపు పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఎదుటినుంచి అతని పళ్ళు తోమడం ఎంత సులువో, ఇదీ అంతే సులువు. వరమ్మ ఎన్నోసార్లు ప్రయత్నించింది. గిన్నె సగం అయ్యేలోపల మిషన్‌ను వదిలి తన దారి తాను చూసుకునేది. హెల్మెట్టు మేకు మీదకు వచ్చింది ఆ రోజుల్లోనే.

ఈ మిషన్ ఆదివారం మాత్రం తిరగదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆరాధన జరుగుతుంటే వరమ్మ ఇంటినుంచి కిర్రు కిర్రుమని చప్పుడు ఏసయ్య గుడి దాకా వచ్చింది. సంఘ పెద్ద జోసెఫ్ సారు ఆ సాయంత్రమే కమిటీని కూర్చోబెట్టి, సంఘస్తులెవరూ ఆదివారం మిషన్ తిప్పకూడదని తీర్మానం రాయించాడు. సంఘంలో మిషన్ ఉన్నది వరమ్మ ఒక్కదానికే. అయినా తీర్మానంలో ఆమె పేరు రాయలేదు, అది ఆయన మర్యాద.

జోసెఫ్ సారు బడి పంతులుగా రిటైరై తొమ్మిదేళ్ళు. ఇస్త్రీ చొక్కా లేకుండా ఆయనను చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. మంచివాడే. కాకపోతే బడి వదిలినా ఊరిని మాత్రం ఇంకా ఆరో తరగతిలోనే కూర్చోబెట్టుకున్నాడు.

అసలు కథ గుడిలో మొదలైంది. గుడిలో కానుకలు పట్టే కొయ్యగిన్నె ఒకటి ఉండేది. ఎవరి తాతల కాలంలోనిదో తెలియదు. ఒక ఆదివారం చేయి జారి కిందపడి రెండు చెక్కలైంది. ఆరాధన అయ్యాక సంఘమంతా ఉండగానే జోసెఫ్ సారు, ఆలూరు నుంచి ఒక స్టీలు బేసిను తెప్పిద్దామన్నాడు. కడిగితే శుభ్రం, పడితే సొట్టేగాని పగలదు అని దాని గుణగణాలు చెప్పుకొచ్చాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి వరమ్మ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"వద్దు సార్. కొయ్యదే నేను చేసిస్తా."

జోసెఫ్ సారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "చూడమ్మా వరమ్మా, నువ్వు చపాతీ కర్రలు బాగా చేస్తావు. మా ఇంట్లోనూ ఉండాది ఒకటి. కానీ ఇది మిస్త్రీ చేసే పని."

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ మాట సబబే అన్నట్టు తల ఊపారు. వరమ్మకు ఒళ్ళంతా మండింది. సామిల్లులో పరక పట్టుకున్న రోజు ఎంత మండిందో అంతే మండింది.

"మిస్త్రీ పనే సార్. అందుకే నేను చేస్తానంటాండా."

కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు రాయచోటి వైపు కుర్రవాడు, గొడవలంటే భయం. "సరే, చేయనియ్యండి సారూ" అన్నాడు. జోసెఫ్ సారు ఒప్పుకున్నాడు గాని గడువు పెట్టాడు. అయిదు వారాల్లో కోత పండుగ. ఆ ఆదివారం ఆరాధన వేళకు గిన్నె పూర్తయి బల్ల మీద ఉండాలి. సగం పని, రేపిస్తా, ఎల్లుండిస్తా అనేవి చెల్లవు. లేదంటే స్టీలు బేసినే. ఆ మర్నాడే వెళ్ళి ఆయన బేసిను కొనుక్కొచ్చి గుడి బీరువాలో పెట్టుకున్నాడు కూడా. వరమ్మ మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది.

మొదటి వారం వరమ్మ కొయ్యను మరమేకులతో పట్టింది. ఇరుసు కొసన ఒక ఇనుప బిళ్ళ అతికించి, బిళ్ళలోంచి గిన్నె అడుగులోకి నాలుగు మరలు బిగించింది. కొయ్య కదల్లేదు. ఉలి పెట్టి లోపల తొలుస్తుంటే ఆహా అనిపించింది. తొలుస్తూ తొలుస్తూ సంతోషంలో ఒక వేలెడు ఎక్కువ తొలిచింది. టింగుమని ఉలి మొన విరిగింది. చూస్తే గిన్నె అడుగున నాలుగు మర మొనలు తలలెత్తి చూస్తున్నాయి.

"మరలు తీసేస్తే పోలేదా?" అన్నాడు శామ్ హెల్మెట్టులోంచి.

"తీస్తే చిల్లులు మిగుల్తాయి."

"చిల్లుల్లో మైనం పెట్టు."

"దేవునికి చేస్తాండా, మైనం పెట్టి మోసం చేయమంటావా?"

శామ్ మళ్ళీ టీ వైపు తిరిగాడు.

మూడో వారం జిగురుతో పట్టింది. సామిల్లు మిస్త్రీ అప్పుడప్పుడూ చేసే కిటుకు ఒకటి ఆమె గమనించి ఉంది. బిళ్ళకు ఒక చెక్క బిగించి, ఆ చెక్కకూ గిన్నె కొయ్యకూ మధ్య ఒక కాగితం పెట్టి అతికిస్తారు. పనయ్యాక ఉలి మొన తగిలిస్తే కాగితం చీలి రెండూ విడిపోతాయి, చిల్లు ఉండదు. వరమ్మ చింతగింజలు ఉడికించి రుబ్బి జిగురు చేసింది. కాగితం కోసం గోడ మీద క్యాలెండరు చించబోతే శామ్ గాభరాగా లేచి వచ్చి, బైబిలు వాక్యం ఉన్న కాగితాన్ని గిరగిరా తిప్పడం ఏం పని అని పోట్లాడాడు. చివరికి విత్తనాల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండరులో శనగల బొమ్మ ఉన్న నెల చించారు.

జిగురు రెండు రోజులు ఆరాలి. వరమ్మ ఒక రోజు ఆగింది. రెండో రోజు ఆగడానికి మనసొప్పలేదు.

చక్రం ఊపందుకోగానే గిన్నె, శనగల బొమ్మతో సహా, మిషన్ నుంచి లేచింది. శామ్ తల మీదుగా పోయింది. గోడ దాటింది. అవతల పెద్దమ్మ వాకిట్లో ఏదో భళ్ళుమంది.

పెద్దమ్మ పక్కింటి ముసలామె. పేరూ పెద్దమ్మే, వరసకూ పెద్దమ్మే. ఎనభై దాటినా సంగటి తానే వండుకుంటుంది, అదీ మట్టికుండలోనే. కాసేపటికి ఆమె గోడ చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో సగం చెక్కిన గిన్నె, దాని నిండా రాగిసంగటి.

"ఏమే వరమ్మా, ఇది నీదేనా?"

"నాదే పెద్దమ్మా."

"సంగటి?"

"అది నీదే పెద్దమ్మా."

"కుండ యాడుందో అడగవా?"

వరమ్మ అడగలేదు. మర్నాడు కొత్త కుండ కొని పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. పెద్దమ్మకు కోపం ఎక్కువసేపు నిలవదు. కూర్చోమని చెప్పి, మజ్జిగ పోయడానికి రెండు స్టీలు గ్లాసులు తీసింది. అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. పెద్దమ్మ లాగింది, రాలేదు. వరమ్మ లాగింది, రాలేదు. ఒకరు ఇటూ ఒకరు అటూ పట్టుకుని లాగారు. ముసలామె మంచం మీద పడిందేగాని గ్లాసులు రాలేదు.

"ఉడుకునీళ్ళు పెడతా ఉండు" అంది పెద్దమ్మ లేస్తూ.

వరమ్మ గ్లాసుల్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తోంది. దీనికి మర లేదు. జిగురు లేదు. చిల్లు లేదు. ఉత్త ఇరుకు. ఒకదాని నడుము ఇంకొకదాని నోట్లో సరిగ్గా కూర్చుంది, అంతే. ఇద్దరు మనుషులు లాగినా రావడం లేదు.

"పెద్దమ్మా, ఇవి నేను తీసుకుపోతాండా" అంటూ లేచి పరుగెత్తింది.

"గ్లాసులు ఇరుక్కుంటే కొంపలంటుకున్నాయా ఏమే? మజ్జిగ తాగి పో!" అని పెద్దమ్మ వెనకనుంచి అరిచింది. ఆ వారమంతా ఆమె మజ్జిగ చెంబుతోనే తాగింది.

వరమ్మ ఇక ఆగలేదు. ఎండిన వేపచేవ ముక్క ఒకటి దాచి ఉంచింది, అది గిన్నెకు. ఈసారి మరలు అడుగువైపు కాకుండా నోటివైపు బిగించింది. నోటివైపు ఎలాగూ తొలిచి పారేసేదే, చిల్లులు కూడా పొట్టులో కలిసిపోతాయి. అలా బిగించి గిన్నె వీపు గుండ్రంగా తీసి, అడుగున చిన్న పీట లాంటి అంచు తీర్చింది. తర్వాత ఇంకో మొద్దును బిళ్ళకు బిగించి, దానిలో సరిగ్గా ఆ పీట దూరేటంత గుంత తొలిచింది. గిన్నెను వెనక్కి తిప్పి, పీటను గుంతలో పెట్టి, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేసింది. కూర్చుంది. చక్రం తిప్పింది. శామ్ కళ్ళు మూసుకున్నాడు. గిన్నె ఎగరలేదు.

ఒక్క చిన్న పొరపాటు జరిగింది. అది అప్పుడు ఎవరికీ తెలియలేదు. గిన్నె కొయ్యకోసం వరమ్మ నాలుగేళ్ళు ఎండిన చేవ వెతికింది. పట్టే మొద్దుకు మాత్రం, కరెంటువాళ్ళు తీగలకు తగులుతోందని ఆ సోమవారమే కొట్టి పడేసిన పచ్చి వేపకొమ్మ తెచ్చుకుంది. ఊరికే దొరికింది, ఉలికి వెన్నలా తెగింది. పచ్చికొయ్య ఎండితే ముడుచుకుంటుందని సామిల్లులో పన్నెండేళ్ళు చూసిన మనిషికి తెలియదా? తెలుసు. గిన్నె మీద ధ్యాసలో ఉన్న మనిషికి పట్టే మొద్దు కూడా ఒక కొయ్యేనని గుర్తుకు రాలేదు.

శనివారం సాయంత్రానికి లోపల తొలవడం అయిపోయింది. ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, శనగనూనె పట్టించింది. గిన్నె ఎర్రగా మెరిసింది. అప్పుడే తట్టి తీసేయవచ్చు. తీయలేదు. ఇన్నేళ్ళూ ఒక్క నిమిషం కుదురుగా ఉండని గిన్నె, ఇప్పుడు నిమ్మళంగా కూర్చుని ఉంటే చూడబుద్ధయింది. నూనె ఆరేదాకా ఉండనీ, పొద్దున తట్టితే వస్తుందిలే అనుకుని, పెళ్ళిపీట మీద కూతురిని చూసుకున్నట్టు కాసేపు చూసుకుని లోపలికి వెళ్ళింది.

కోత పండుగ కాలంలో ఆలూరు వైపు గాలి ఎలాంటిదో అక్కడి పెదవుల్ని అడగాలి. ఆరేసిన తువ్వాలు అట్టముక్క అవుతుంది. ఆ గాలి పచ్చి వేపమొద్దును పట్టుకుంది. మొద్దు ముడుచుకుంది, గిన్నెను పట్టుకుంది.

ఆదివారం పొద్దున వరమ్మ తలస్నానం చేసి, పండుగ చీర కట్టుకుని వచ్చి సుత్తితో గిన్నె అంచును మెల్లగా తట్టింది. కదల్లేదు. కొంచెం గట్టిగా తట్టింది. మరింత గట్టిగా తట్టబోయి, పగులుతుందని ఆగింది. శామ్ వచ్చి దూలానికి కాలు తన్నిపెట్టి లాగాడు. మిషన్ మొత్తం జానెడు జరిగిందిగాని గిన్నె జరగలేదు.

"గ్లాసులకు పోసినట్ల ఉడుకునీళ్ళు పోద్దామా?"

"నీళ్ళు తగిలితే గిన్నె ఉబ్బుతాది. పగుల్తాది."

"అయితే మొద్దును మిషన్ మీదే అంచులు తీసేయి. సన్నబడితే అదే వదుల్తాది గదా?"

శామ్‌కు కూడా తెలిసిన ఉపాయమే. అరగంట పని. వరమ్మ కాలు పలక మీదకు పోయింది కూడా. అప్పుడే గుడిగంట మొదటిసారి మోగింది. ఆదివారం. మిషన్ తిప్పకూడదు. దేవుని గిన్నె కోసం దేవుని దినం మీద మిషన్ తిప్పిందని జోసెఫ్ సారు అంటే, ఆ గిన్నెలో ఒక్కరైనా కానుక వేస్తారా?

ఏం చేయాలో తోచక, బిళ్ళకున్న మరలు విప్పి, మొద్దుతో సహా గిన్నెను తువ్వాల్లో చుట్టి గుడికి బయలుదేరింది. దారంతా చెమటలు.

గుడి నిండా కోత పండుగ సందడి. జొన్నకంకులు, ఉల్లిగడ్డల గంపలు, వేరుశనగ మూటలు, ఎవరిదో ఒక కోడి. వరమ్మ ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి, తువ్వాలు విప్పి, గిన్నెను బల్ల మీద పెట్టి, పక్కకు తప్పుకుంది.

అందరూ మెడలు చాచారు. కింద గుండ్రంగా తీర్చిన లేతరంగు మొద్దు, దాని మీద ఎర్రటి గిన్నె. నిజం చెప్పాలంటే చూడముచ్చటగానే ఉంది. జోసెఫ్ సారు లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, చుట్టూ తిరిగి చూశాడు.

"స్టాండు కూడా చేసినావా!" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. "ఇది శానా బాగుంది. అతుకు యాడుందో కనపడ్డంలేదే! తప్పు నాదేనమ్మా, ఒప్పుకుంటాండా. స్టాండుకు స్టాండు, గిన్నెకు గిన్నె. ఇది మిస్త్రీ చేసిన పని."

గుడి అంతా మెచ్చుకుంది. వరమ్మ ఖాళీ తువ్వాలు మడుచుకుంటూ నిలబడింది. ఏళ్ళ తరబడి ఏ మాట చెవిన పడాలని ఎదురుచూసిందో ఆ మాట పడింది. పడింది గాని, గిన్నెకు కాదు. గిన్నె కింద ఇరుక్కుపోయిన కట్టెమొద్దుకు.

ఊరుకుంటే సరిపోయేది. శామ్ మగవాళ్ళ వైపు నుంచి ఊరుకోమనే సైగ చేస్తున్నాడు. వరమ్మ ఊరుకోవాలనే గట్టిగా అనుకుంది. మొదటి పాట అయ్యేదాకా ఊరుకుంది కూడా. పాటలో ఒక్క పదం నోటికి రాలేదు. తర్వాత అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అనగానే లేచింది.

"సార్, అది స్టాండు కాదు."

"ఏమంటివి?" అన్నాడు జోసెఫ్ సారు.

"గిన్నెను పట్టుకునే మొద్దు అది. పచ్చికట్టె పెడితిని. రాత్రి ముడుచుకోని గిన్నెను పట్టేసింది. ఎంత లాగినా రాల్యా. పని ఇంకా అయిపోలేదు సార్. స్టాండు అని మీరు పొగిడితే నాకు పాట కూడా నోటికి రాల్యా."

గుడి గుడంతా నవ్వింది. కోడి కూడా ఏదో అంది. జోసెఫ్ సారు నమ్మలేదు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, తానే గిన్నెను ఒక చేత్తో, మొద్దును ఒక చేత్తో పట్టుకుని, బుగ్గలు ఉబ్బేలా లాగాడు. రాలేదు. అయ్యగారు సాయం పట్టాడు. ఆయన గిన్నె వైపు, ఈయన మొద్దు వైపు. ఇద్దరూ కలిసి బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగారు. గిన్నెకు ఒక్క గీత పడలేదు.

జోసెఫ్ సారు ఆయాసం తీర్చుకుని, చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. ముఖం మళ్ళీ పంతులుగారి ముఖం అయింది. "నిజం చెప్పినావు, సంతోషం. కానీ మాటంటే మాటే. పని పూర్తి కాలేదు." బీరువా వైపు నడిచి తాళంచెవి తీశాడు.

"విప్పడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నాడు అయ్యగారు.

"మిషన్ మీదయితే అరగంట. ఈ పొద్దు ఆదివారం గదయ్యా."

అప్పుడు ముందువరసలో చాప మీద కూర్చున్న పెద్దమ్మ కర్ర ఊతంగా లేచింది. "ఏమప్పా జోసెఫూ, పోయినేడు నీ ఎనుము బాయిలో పడినప్పుడు ఏ వారమో చెప్పు?"

జోసెఫ్ సారు తాళంచెవి బీరువా దగ్గరే ఆగింది.

"ఆదివారమే గదా? ఆరాధన నిలిపించి, గుడిలోని మగోళ్ళనందర్నీ మోకులిచ్చి లాగించినావు. నేనూ పాట ఇడ్సిపెట్టి సూడొస్తిని. నీ ఎనుముకు ఉన్న మర్యాద దేవుని గిన్నెకు లేదా ఏమి?"

ఈసారి నవ్వు ఆపడం అయ్యగారి వల్ల కూడా కాలేదు. జోసెఫ్ సారు ఎర్రబడ్డాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. బావిలో గేదె, మొద్దులో గిన్నె, రెండూ ఒకటేనని ఒప్పుకోవడానికి ఆ మనిషికి ఎంత కష్టమైందో ముఖంలో కనిపించింది.

"అరగంట" అన్నాడు చివరికి. "నేను దగ్గరుండి చూస్తా."

అలా కోత పండుగ ఆరాధన మధ్యలో ఆగి, సంఘమంతా వరమ్మ ఇంటికి నడిచింది. నడిచిందిగాని వాకిట్లోకి రాలేదు. ఆ మిషన్ చరిత్ర అందరికీ తెలుసు. అయ్యగారితో సహా అందరూ పెద్దమ్మ గోడ వెనక చేరి తలలు మాత్రం పైకి పెట్టారు. జోసెఫ్ సారు ఒక్కడే మిషన్ పక్కన నిలబడ్డాడు. శామ్ హెల్మెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"పెట్టుకోండి సార్. నాకు అలవాటే" అని తాను ఉత్త తలతో గడపలో నిలబడ్డాడు. సారు పెట్టుకున్నాడు.

వరమ్మ పండుగ చీర కొంగు నడుముకు దోపుకుని, మొద్దును పాత చిల్లుల్లోనే బిళ్ళకు బిగించింది. కాలు పలక మీద పెట్టింది. చక్రం కదిలింది. కిర్రు కిర్రుమని, ఆదివారం పొద్దున, సంఘమంతా చూస్తుండగా. ఉలి మొద్దు అంచుకు ఆనించింది. తెల్లటి పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ ఆమె చేతుల మీదుగా జారింది. గుంత అంచు పలచబడుతోంది, పలచబడుతోంది. ఎక్కువ తీస్తే గిన్నెకు తగులుతుంది, తక్కువ తీస్తే వదలదు. ఎంత తీస్తోందో చూడడం కాదు, ఉలి పిడిలోంచి అరచేతికి వచ్చే అదురును బట్టి తెలుసుకుంటోంది. ఆమె ఎడమచేయి ఉలిని వదిలి గిన్నె ముందు తెరుచుకుంది.

మొద్దు అంచు టక్కుమని చీలింది. గిన్నె ఊగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, అది గోడ వైపు కాకుండా వరమ్మ చేతిలోకి వచ్చింది.

జోసెఫ్ సారు దాన్ని అందుకుని తిరగేశాడు. అడుగున బొటనవేలు పెట్టి ఒక చుట్టు రుద్దాడు. చిల్లు లేదు, జిగురు లేదు, మచ్చ లేదు. ఇంకోసారి రుద్దాడు. హెల్మెట్టు తీయడం కూడా మరచిపోయి, గిన్నెను చంకలో పెట్టుకుని గుడివైపు రెండడుగులు వేశాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"మిస్త్రీ, లేమ్మా తొందరగా. జనం కాచుకోనుండారు" అని, తను ఏమన్నాడో తనకే తెలియకుండా, వెళ్ళిపోయాడు.

వరమ్మ లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చీర మీద రాలాయి. బిళ్ళ మీద విరిగిన మొద్దు తప్ప ఏమీ లేదు, అయినా ఆమె కాలు పలకను తొక్కుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. గోడ వెనక జనం ఒక్కొక్కరే గుడివైపు కదిలారు.

శామ్ దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చేయి వేశాడు. "ఇంగ నిలుపే వరమ్మా. గిన్నె వచ్చేసె గదా."

"ఉండప్పా," అంది ఆమె. "ఇంకొంచేపు తిరగనీ."